స్టాన్‌ఫర్డు క్రీడారంగము

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు దక్షిణముగ రమారమి 35 మైళ్ల దూరమున పాలో ఆల్టో యను పట్టణమును, దాని నానుకొని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమును గలవు. గడచిన వేసవిలో పాఠశాలకు సెలవులిచ్చిన వెంటనే మావారితో గూడ మేము కాలిఫోర్నియాకు బయలుదేరి, సన్నీవేల్‌లో కాపురమున్న మా అక్కయ్య యింట నెలదినములుంటిమి. ఆ ప్రాంతమున తెలుగువారి కాపురములు మెండు. సాయంకాలము నడకకు బోయిన యెడల ఏదో యొక యింటినుండి ఇంగువ పోపు వాసన రాక మానదు. అక్కడికి బోయి వచ్చినవారు గోల్డెన్‌గేట్ వంతెనను గూర్చియు, సముద్రముమీదనుండి వచ్చు పొగమంచును గూర్చియు వ్రాయుట వాడుక. వానిని మేమును చూచితిమి. కాని యింటికి వచ్చిన తరువాత గూడ మా మనస్సును విడువనిది వేఱొకటి. అది స్టాన్‌ఫర్డువారి ఫుట్‌బాల్ క్రీడారంగము. అందును ఆ యాటలో అందఱి వెనుక నిలుచుండు నొక యాటగాని పని. బంతియాటతో మనకేమి యని సోదరీమణులు పుట త్రిప్పవలదు. పని యొకరిది, పేరొకరిది యగు సంగతి మనము ఎఱుగనిది కాదు.

ముందుగ ఆ స్థలము సంగతి రెండు మాటలు చెప్పవలయును. ఊరినుండి విశ్వవిద్యాలయమునకు బోవు పెద్దబాటకు ఇరుప్రక్కల ఖర్జూరపు జాతి చెట్లు బారులు తీరి యుండును. బాట చివర పచ్చిక తిన్నె, దాని వెనుక ఇసుకఱాతి కట్టడములు, ఎఱ్ఱ పెంకుల కప్పులు, కమానుల నీడలో చల్లని నడవలు. ఇదంతయు ఒక బిడ్డకొఱకు పుట్టినది. లీలాండ్ స్టాన్‌ఫర్డు, జేన్ స్టాన్‌ఫర్డు దంపతులకు లేక లేక కలిగిన యొక్కగానొక్క కొడుకు పదునేనేండ్ల ప్రాయమున, 1884లో, ఇటలీదేశపు ఫ్లారెన్స్ నగరమున విషజ్వరముచే మరణించెను. ఆ బిడ్డ పేరిట 1885లో విద్యాలయమును స్థాపించిరి. 1891లో పాఠములు మొదలైనవి. 1893లో భర్త చనిపోయి ఆస్తి యంతయు వ్యాజ్యములలో జిక్కుకొనగా, జేనమ్మ తన యింటిఖర్చునకు న్యాయస్థానమువారు అనుమతించిన సొమ్మునే ఉపాధ్యాయుల జీతములకు మళ్లించి విద్యాలయము మూతపడకుండ కాచెను. అంతటి యిల్లాలే 1899లో విద్యార్థినుల సంఖ్య ఐదువందలకు మించరాదని కట్టడి చేసెను. ఈ రెండవ సంగతి మాకు రుచింపలేదు. ఆ కట్టడి తొలగి ఎంతో కాలమైనది. ఇప్పుడు పుస్తకములు చంకనిడుకొని సైకిళ్లమీద బోవు బాలికలను జూచుచు మేము ఆ నడవలలో చాలసేపు కూర్చుంటిమి.

అక్కడినుండి ఎల్ కమీనో రియల్ అను పాత రాజమార్గము దిక్కునకు నడచిన నీలగిరి చెట్ల తోపు వచ్చును. ఆకులు త్రొక్కినచో మన తలనొప్పి తైలపు వాసన. ఆ తోపు నడుమ క్రీడారంగము. దూరమునుండి చూచిన అంత గొప్పగ నగపడదు; ఏలయనగా మైదానము నేలమట్టమునకు లోతుగ, పెద్ద చెఱువు గర్భమువలె నుండును. 1921లో గుఱ్ఱములచేతను కంచరగాడిదలచేతను మట్టి లాగించి, కొలది నెలలలో ఈ గుంతను త్రవ్వి, దాని గట్లమీద అఱువదివేలమందికి ఆసనములు వేసిరి. తరువాత పెంచిరి, 2005 చివర పాతదానిని పడగొట్టి 2006లో ఏబదివేలమందికి సరిపడునట్లు కొత్తగ గట్టిరి. వేసవి యగుటచే అప్పుడు ఆటలు లేవు. ఇనుప కటకటాల సందునుండి మేము చూచినది ఖాళీ పచ్చిక మాత్రమే. ఆ ఖాళీ పచ్చికను మాకు మనుష్యులతో నింపి చూపినవాడు మా అక్కయ్య కుమారుడు. వానికి పదునాఱవ యేడు. వాని పాఠశాల జట్టులో వాడును అదే వెనుకటి స్థానమున ఆడును.

అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు. బంతి కోడిగ్రుడ్డువలె రెండు కొనలు తేలి యుండును. దానిని చేత బట్టి పరుగెత్తుదురు, లేదా విసరుదురు. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు. మైదానము ఈ గోలు గీతనుండి ఆ గోలు గీతకు 100 గజములు. ఈ గజము మన యూళ్లలో ఇండ్ల స్థలములు కొలుచు గజమే. బంతి గల పక్షమునకు నాలుగు ప్రయత్నములు. ఆ నాల్గింటిలో పది గజములు ముందుకు సాగిన మరల నాలుగు. సాగకున్న బంతి పరులది. మావారు లెక్కల పంతులగుటచే ఇది వెంటనే గ్రహించి, ‘ఒక్కొక్క మాఱు రెండున్నర గజములు చాలునన్నమాట’ అనిరి. పిల్లవాడు నవ్వి, ‘ఆ రెండున్నర గజములకే ఎముకలు విఱుగును బాబాయీ’ అనెను. మా అక్కయ్య ఆ మాట విని వంటగదిలోనికి బోయినది.

ప్రతి ప్రయత్నమునకు ముందు ఇరుపక్షములవారును గీతకు అటు నిటు బారులు తీరి నిలుతురు. బంతి గల పక్షమున ఏడుగురికి తక్కువకాకుండ గీతమీద నుండవలయును. వారిలో నడుమనున్న యైదుగురు మహాకాయులు. వీరు గోడవలె నిలిచి శత్రువులను ఆపుటకే పుట్టినవారు. విసరిన బంతిని ముందుకు బోయి పట్టుకొను హక్కు వీరికి లేదు. గీతయొక్క రెండు కొనలందున్నవారికిని, గీతకు వెనుక నిలిచినవారికిని ఆ హక్కు కలదు. వెనుక నుండువారిలో మొదటివాడు క్వార్టర్‌బ్యాక్; సేనానివంటివాడు, బంతి మొదట వాని చేతికే వచ్చును. వాని వెనుకనో ప్రక్కనో నిలుచుండువాడు రన్నింగ్‌బ్యాక్. మేము చెప్పదలచినది వీనిని గూర్చియే.

వీని పాత పని యేమనగా, సేనాని చేతికిచ్చిన బంతిని పొట్టకు హత్తుకొని, మహాకాయులు త్రోసి చేసిన సందులో దూరి పోవుట. పద్మవ్యూహమును జొచ్చిన అభిమన్యుని తలంపునకు దెచ్చుకొనిన సరిపోవును. జొచ్చుట తెలియును; చుట్టుముట్టిన తరువాత బయటపడుట దైవాధీనము. వీనికి ఎదురుగ, గీతకు కొంచెము వెనుకగ, లైన్‌బ్యాకర్ అను రక్షకులు కాచుకొని యుందురు. భారీ మనుష్యులు, వచ్చువానిని వచ్చినట్లే పడగొట్టుటయందు ఆఱితేఱినవారు. ఈ రన్నింగ్‌బ్యాక్‌ను వ్యూహములోనికి బంపక, ప్రక్కకు దప్పించి, బంతిని వానికి విసరినచో నేమగును? మేము నేర్చుకొనిన పాఠమంతయు ఈ ప్రశ్నలో నున్నది.

ఒకనాటి సాయంకాలము మా పిల్లవాడు భోజనపు బల్లమీద వేరుసెనగ పప్పులు ఇరువదిరెండు పేర్చి దీనిని విప్పి చెప్పెను. పొట్టు తీసినవి ఒక పక్షము, తీయనివి ఒక పక్షము. బయలుదేరుటకు ముందు రన్నింగ్‌బ్యాక్ ఎదుటివారి కండ్లు చూడవలయును. లైన్‌బ్యాకర్ సేనానిమీదికి ఉఱికినచో వీడు కదలరాదు. అడ్డముగ నిలిచి, తనకంటె మూడు మణుగులు బరువైన వానిని ఱొమ్ముతో ఆపవలయును. ఆ ఉఱుకుట లేనిచో అప్పుడు బయటికి జారవలయును. మొదట కాపలా, తరువాత ప్రయాణము. ఇది ఱెప్పపాటులో జరుగవలసిన నిర్ణయము. పెద్ద పరుగరులందఱు దూరముగ బోయి, వారి వెంట రక్షకులు పోయి, సేనానికి విసరుటకు దిక్కు తోచని వేళ, ఐదాఱు గజముల దూరమున ఈ వెనుకటివాడు ఒంటరిగ నిలిచి చేతులు చాచి యుండును. ఎవరును లేనప్పుడు వీడుండును. దీనిని చెక్‌డౌన్ అందురు.

ఇది గతిలేనప్పటి విసరు. కాని వీనినే ముందుగ నుద్దేశించి విసరునవియు గలవు. స్వింగ్ అనుదానిలో రన్నింగ్‌బ్యాక్ ప్రక్కగీత దిక్కునకు కొడవలివలె వంగి పరుగెత్తుచు బంతి నందుకొనును. మైదానము వెడల్పు 53 గజములకు పైగ నుండుటచే, నడుమ నున్న లైన్‌బ్యాకర్ అంతదూరము అడ్డముగ పరుగెత్తవలసివచ్చును. వీల్ అనునది దాని అక్కచెల్లెలు. మొదట ప్రక్కకు బోవునట్లే పోయి, ఒక్కమాఱుగ చక్రము తిరిగినట్లు ముందుకు తిరిగి ప్రక్కగీత వెంబడి సాగిపోవును. యాంగిల్ అనుదానిలో బయటికి నాలుగడుగులు వేసి, వెంటవచ్చువాడు ఆ వైపునకు మొగ్గగానే, లోపలికి విఱిచి నడుమకు బోవును. మా చిన్ననాటి చెడుగుడులో కూతకు వచ్చినవాడు ఒకవైపు కాలు చాపి రెండవవైపు తాకునట్టిదే.

అన్నిటిలో మాకు నచ్చినది స్క్రీన్, అనగా తెర. ఇందులో మహాకాయులు కావలెనని ఓడిపోయినట్లు నటించి శత్రువులను లోనికి రానిత్తురు. వారు సేనాని చిక్కెనని మీదికి ఉఱుకుదురు. ఇంతలో ఈ మహాకాయులు మెల్లగ ప్రక్కకు జేరి కొత్తగోడ గట్టుదురు. రన్నింగ్‌బ్యాక్ ఆ గోడ వెనుక నుండును. సేనాని, మీదపడువారి చేతుల పైనుండి, బంతిని మృదువుగ వానికి జాఱవిడుచును. కళాశాలల యాటలో, బంతి గీత దాటి విసరబడినప్పుడు పట్టుహక్కు లేనివారు గీతకు మూడు గజములకు మించి ముందుండరాదు. తెరలో బంతిని గీతకు ఇవతలనే యందుకొందురు గావున వారు స్వేచ్ఛగ ముందుకు నడచి త్రోవ చేయవచ్చును. విరాటపర్వమున ఉత్తరుని రథము తోలుటకు వచ్చిన బృహన్నలను జూచి కౌరవులు నవ్విరి గదా. పగ్గములు పట్టినవాడు గాండీవము పట్టువఱకు ఆ రథమున యోధుడెవడో వారికి నిశ్చయము కాలేదు. తెర మర్మమంతయు నిట్టిదే.

దీనివలన కలుగు చిక్కు శత్రువుల తలకు చుట్టుకొనును. వెనుకటివానికి కాపుగ బరువైన లైన్‌బ్యాకర్‌ను బెట్టినచో వాడు వెంట పరుగెత్తలేడు, బంతి విసరుదురు. తేలికైన వడిగల రక్షకుని బెట్టినచో వాడు పడగొట్టలేడు, బంతిని చేతికిచ్చి వానిమీదికే తోలుదురు. మనుష్యులను మార్చకయే, వరుస మార్చకయే, ఒక్కడు రెండు పనులు నేర్చుటచే ఎదుటి పదునొకండుగురికి సందేహము పుట్టును. అయితే ఆ రెండవ పని సులభము కాదు. చేతికిచ్చిన బంతిని పుచ్చుకొనుట వేఱు; పరుగెత్తుచు, మెడ వెనుకకు త్రిప్పి, భుజముమీదుగ వచ్చు బంతిని చూపుతో పట్టి, తరువాత వ్రేళ్లతో పట్టి, అప్పుడు ముందుకు తిరుగుట వేఱు. ఆ కాలములో తన్ను కొట్టవచ్చువానిని చూడరాదు. చూచినచో బంతి జాఱును. మా పిల్లవాడు ఇది చెప్పునప్పుడు వాని తల్లి మరల గదిలోనికి వచ్చి నిలిచియున్నది.

స్టాన్‌ఫర్డుకు ఈ విద్యతో గల సంబంధము వింతయైనది. 1905లో ఈ యాటలో ప్రాణములు గోల్పోయిన యువకులు పెక్కురగుటచే అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు కళాశాలల పెద్దలను బిలిపించి మాటాడెను. గుంపులుగ మీదపడుట తగ్గునట్లు 1906లో బంతిని ముందునకు విసరుటకు అనుమతి యిచ్చిరి. సరిగ ఆ యేటనే స్టాన్‌ఫర్డువారును, పొరుగున బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారును, ఈ సవరణతో తృప్తిచెందక ఫుట్‌బాల్‌నే మాని రగ్బీ యాడసాగిరి. కొన్నేండ్ల తరువాత గాని తిరిగి రాలేదు. విసరు పుట్టిన నాడు విడిచి పోయిన వారే విసరునకు పేరొందిన బడి యైరి.

ఆ పేరునకు ముఖ్యకారకులలో నొకడు బిల్ వాల్ష్ అను శిక్షకుడు. ఇతడు 1977, 1978 సంవత్సరములలోను, మరల 1992 మొదలు 1994 వఱకును స్టాన్‌ఫర్డున నుండెను. అంతకుముందు సిన్సినాటి నగరపు వృత్తిజట్టులో పనిచేయునప్పుడు, దూరము విసరగల చేయి లేని వర్జిల్ కార్టర్ అను క్వార్టర్‌బ్యాక్‌తో కాలము గడుపవలసివచ్చినది. అప్పుడే చిన్న చిన్న విసరులను, మైదానపు వెడల్పును వాడుకొని, పరుగుచే రావలసిన నాలుగైదు గజములను విసరుచే రాబట్టు పద్ధతిని అల్లెను. ఇంట సరకులు నిండుకొన్న నాడే కొత్త వంటకము పుట్టునని ఇల్లాండ్రకు వేఱుగ జెప్పనక్కఱలేదు. ఆ పద్ధతిలో రన్నింగ్‌బ్యాక్ అతిథి కాడు, ఇంటివాడు.

1977లో వాల్ష్ చేతికి డారిన్ నెల్సన్ అను కొత్త విద్యార్థి వచ్చెను. చదువునకు చేరిన మొదటి యేడే అతడు వేయి గజములకు మించి బంతితో పరుగెత్తి, ఏబది విసరులను అందుకొనెను. కళాశాలల ఫుట్‌బాల్‌లో ఒకే యేట ఈ రెండును చేసినవాడు అంతకుముందు లేడు. కళాశాల విడుచునప్పటికి అతడందుకొనిన బంతులు 214. వాల్ష్ ఆ వెనుక శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ అను వృత్తిజట్టునకు బోయి తన విద్యను అక్కడ పెంచెను. 1985 జనవరి 20వ తేది వృత్తిజట్ల మహాపోటీ, సూపర్ బౌల్, ఈ స్టాన్‌ఫర్డు గుంతలోనే జరిగినది. వాల్ష్ జట్టు మయామీ జట్టును 38–16తో గెలిచినది. ఆ పోటీలో వాల్ష్ శిష్యుడగు రోజర్ క్రెయిగ్ అను రన్నింగ్‌బ్యాక్ మూడు టచ్‌డౌన్లు చేసెను. వానిలో రెండు అందుకొనిన బంతులచే వచ్చినవి. సూపర్ బౌల్‌లో మూడు చేసినవాడు అంతవఱకు లేడు. అదే సంవత్సరపు తరువాతి ఋతువున అతడు వేయి గజములు పరుగుచేతను, వేయి గజములు అందుకొనుటచేతను సంపాదించి, వృత్తియాటలో ఆ పని చేసిన మొదటివాడయ్యెను. కటకటాల నడుమ మేము చూచిన పచ్చిక ఇట్టిది. మట్టి కొత్తదే, గట్లు కొత్తవే, చోటు మాత్రము అదే.

ఇక మా పిల్లవాని దైవము క్రిస్టియన్ మెకాఫ్రీ. వాని గది గోడమీద ఆ చిత్రపటమే. వంశము చూడదగినది. తండ్రి ఎడ్ మెకాఫ్రీ స్టాన్‌ఫర్డులోనే బంతులందుకొను స్థానమున ఆడినవాడు. తల్లి లీసా స్టాన్‌ఫర్డులోనే కాలితో ఆడు ఫుట్‌బాల్ ఆడినది. ఆమె తండ్రి డేవ్ సైమ్ 1960 రోము ఒలింపిక్ క్రీడలలో నూఱు మీటర్ల పరుగున వెండిపతకము గెలిచెను. పత్రికలవారు తండ్రిపోలిక చెప్పుదురు. పిల్లవాని వడిని లెక్కించునప్పుడు మాతామహుని గూడ తలచుట న్యాయమని మేమనుకొందుము.

2015లో మెకాఫ్రీ పరుగుచే 2,019 గజములు, 45 బంతులందుకొని 645 గజములు, తన్నిన బంతులను తిరిగి మోసికొనివచ్చుటచే మఱికొన్నియు కలిపి మొత్తము 3,864 గజములు సాగెను. 1988లో ఓక్లహోమా స్టేట్ జట్టున బ్యారీ శాండర్స్ నెలకొల్పిన 3,250 గజముల ఘనత దీనితో వెనుకబడినది. 2016 జనవరి 1వ తేదీన పాసడీనాలో జరిగిన రోజ్ బౌల్ పోటీలో అయోవాపై తన జట్టునకు వచ్చిన మొట్టమొదటి ప్రయత్నమునందే మెకాఫ్రీ విసరిన బంతి నందుకొని 75 గజములు పరుగెత్తి టచ్‌డౌన్ చేసెను. ఆ దినమున పరుగుచే 172, అందుకొనుటచే 105. రోజ్ బౌల్‌లో రెండింటను నూఱు దాటినవాడు అతడే మొదటివాడు. ఆట 45–16. ఆ మొదటి ప్రయత్నమును పిల్లవాడు మాకు తెరమీద ఏడుమాఱులు చూపెను. మూడవమాఱునుండి మేము బంతిని విడిచి మెకాఫ్రీ చేతులు చూచితిమి. వేడి గిన్నెను దింపుకొనునట్లు, బంతి తగిలిన క్షణమున ఆ చేతులు కొంచెము వెనుకకు లొంగినవి.

మావారు ఆ పట్టికలన్నియు చదివి, ‘సేనానిమీదికి వచ్చినవానిని ఎన్నిమాఱులు ఆపెనో ఆ లెక్క యిందులో నేదిరా?’ అని యడిగిరి. ‘దానికి గజములు రావు బాబాయీ, అందుకని ఈ పట్టికలో వేయరు’ అని పిల్లవాడు చెప్పెను. మా అక్కయ్యయు మేమును ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి.

2016 చివర మెకాఫ్రీ, వృత్తిజట్లవారి యెంపిక దగ్గఱపడుచుండగా, శరీరమును కాపాడుకొనుటకై డిసెంబరులోని సన్ బౌల్ పోటీలో ఆడనని చెప్పెను. జట్టును విడిచెనని కొందఱు నిందించిరి. ‘మంచి పని చేసినాడు’ అని మా అక్కయ్య తీర్పు. అతడు 2019లో క్రెయిగ్ వలెనే వేయి–వేయి చేసిన మూడవవాడై, 2022 అక్టోబరున ఫార్టీనైనర్స్‌లో జేరి, సన్నీవేల్ ప్రక్కనే యున్న శాంతాక్లారా మైదానమునకు వచ్చుటచే, మా పిల్లవాని భక్తి మఱింత ముదిరినది.

ఇప్పుడు అక్కయ్య మాట చెప్పవలయును. ఆగస్టులో జట్టు కవచములు ధరించి ఆడుటకు ముందు తలిదండ్రులు సంతకము చేయవలసిన యంగీకార పత్రము ఆమె వంటింటి ఫ్రిజ్ తలుపునకు అయస్కాంతముతో అంటించి యుండెను. మేము పోయిన నాడు అది అక్కడ నున్నది. మూడు వారములైనను కదలలేదు. ఆమె చదువుకొన్నది, భయపడుటకు కావలసినవి చదివినది. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయపు పండితులు మరణించిన ఆటగాండ్ర మెదడులు పరీక్షించి, 202లో 177 మెదడులయందు దెబ్బలచే కలుగు మెదడు క్షీణతావ్యాధి గుర్తులు కనుగొనిరి. కళాశాలవఱకే ఆడినవారు 53 మందిలో 48 మందికి ఉండినవి. అనుమానము గల కుటుంబములవారే ఎక్కువగ మెదడులు దానమిచ్చిరి గావున ఆడిన వారందఱికిని ఇదే నిష్పత్తి యనరాదని ఆ పండితులే చెప్పిరి. మావారు ఈ భేదమును అక్కయ్యకు బోధింపబోయిరి. ‘మఱిదిగారూ, నాకున్నది 202 మంది కాదు, ఒక్కడు’ అని ఆమె యన్నది. మావారు మాటాడలేదు.

అయినను ఆ యింట వాదము ఒకవైపుగ సాగలేదు. 2015 మొదలు కాలిఫోర్నియా శాసనముచే ఉన్నత పాఠశాలల జట్లు వారమునకు రెండు దినములకంటె, దినమునకు తొంబది నిముషములకంటె ఎక్కువగ ఒండొరుల ఢీకొను అభ్యాసము చేయరాదు. ఋతువు కాని కాలమున అసలే చేయరాదు. బావగారు ఈ శాసనమును జూపిరి. పిల్లవాడు తన సన్నని దేహమునే సాక్ష్యముగ జూపెను. శిక్షకుడు వానిని నడుమ గుంపులోనికి పంపుట తగ్గించి, బయట అందుకొను పని యెక్కువ జేయుచున్నాడట. ‘గుంపులో పదిమంది పడుదురమ్మా, బయట ఒక్కడే’ అని వాని వాదము. ‘ఆ యొక్కడు పది గజములు పరుగెత్తి వచ్చి కొట్టును గదా’ అని తల్లి బదులు. వేరుసెనగ పప్పుల పాఠమును ఆమె గుమ్మమువద్ద నిలిచి పూర్తిగ వినెనని అప్పుడు మాకు తెలిసినది. ఇందులో ఎవరిది న్యాయమో తేల్చు శక్తి మాకు లేదు. బంతికై మెడ త్రిప్పినవాడు దెబ్బను చూడడన్నది నిజము. వాడు ఆ మెడ త్రిప్పునప్పుడు వాని మొగమున నుండు వెలుగును నిజమే.

మా తిరుగు ప్రయాణమునకు నాలుగు దినముల ముందు, వాని పాఠశాల మైదానమున సెవెన్ ఆన్ సెవెన్ అను వేసవి యభ్యాసము చూడబోతిమి. ఇందులో పక్షమునకు ఏడుగురే. మహాకాయుల గోడ లేదు, ఢీకొనుట లేదు, చేత తాకిన చాలును; ప్రతి ప్రయత్నమును విసరుటయే. రన్నింగ్‌బ్యాక్‌కు ఇందులో చొచ్చుట యుండదు గావున, బయటికి బోయి అందుకొనుటయే వాని పని. ఎండ తీవ్రముగ నున్నను గాలి చల్లనిది. తలులు మడత కుర్చీలు తెచ్చుకొని వరుసగ కూర్చుండిరి. ఒకామె ద్రాక్షపండ్లు అందఱికి పంచినది. మా అక్కయ్య గొడుగు క్రింద కూర్చుండి ఫోనులో ఏదో చదువుచున్నట్లుండెను.

మొదటి రెండు మాఱులు పిల్లవాడు స్వింగ్ పోయెను. ఒకటి అందినది, ఒకటి వ్రేళ్లకు తగిలి పడినది. తరువాత మఱల బయటికే పోవునట్లు బయలుదేరెను. వానికి కాపుగ నున్న పొడుగాటి పిల్లవాడు ఆ వైపునకు నాలుగడుగులు వేగముగ వేసెను. మేము బంతికై చూచుచుంటిమి. ఇంతలో మా ప్రక్కనుండి, ఫోనునుండి తల యెత్తకయే చూచుచున్నదో యేమో, అక్కయ్య కుర్చీలోనుండి సగము లేచి, ‘లోపలికి, లోపలికి విఱువరా! వాడు బయటికి మొగ్గినాడు!’ అని తెలుగున కేక వేసినది. పిల్లవాడు లోపలికి విఱిచెను. బంతి వచ్చెను. వాడు దానిని రెండు చేతులతో దింపుకొని గీత దాటి పోయి, ఎవరు కేక వేసిరోయని వెనుకకు తిరిగి చూచుచుండెను.

ఆ రాత్రి మేము మంచినీళ్లకు వంటింటిలోనికి బోయినప్పుడు కాగితము ఇంకను ఫ్రిజ్ తలుపుననే యున్నది. సంతకము లేదు. దాని ప్రక్కనే కలము ఒకటి దారముతో గట్టి వ్రేలాడదీసి యుండెను. అది మునుపు లేదు.